కాలేజీ నుంచి షోకాజ్ నోటీసు వచ్చిందా? విశాఖలో చదివే పిల్లలూ, తల్లిదండ్రులూ చెయ్యాల్సిన పనులు

"మా వాడికి నోటీసిచ్చారండీ. ఎవర్ని పట్టుకుంటే పనవుతుంది?"

సెమిస్టర్ పరీక్షలు మొదలైతే చాలు, నాకు ఈ ఫోన్లు మొదలవుతాయి. గాజువాక నుంచి, గోపాలపట్నం నుంచి, పిల్లల్ని విశాఖ హాస్టళ్లలో వేసి తాము శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో ఉండే అమ్మానాన్నల నుంచి. అందరికీ నేను చెప్పేది ఒక్కటే: మనిషిని పట్టుకోకండి, కాగితాన్ని పట్టుకోండి. ఇరవై ఏళ్లకు పైగా కాలేజీ ఆఫీసుల్లో ఫైళ్లు నడిపాను. ఎమ్మెల్యే గారి లెటరు కోసం తిరిగే ఆ వారంలోనే జవాబు గడువు దాటిపోతుంది. ఫైల్లో "విద్యార్థి సంజాయిషీ ఇవ్వలేదు" అని ఒక్క లైను పడుతుంది. దాన్ని ఏ సిఫారసూ చెరపలేదు.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అంతా ఇక్కడ రాసేస్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- నోటీసు, అది వచ్చిన కవరు. వాట్సాప్‌లోనో మెయిల్లోనో వస్తే తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్.
- మీ బ్యాచ్‌కు వర్తించే రెగ్యులేషన్ పుస్తకం, అంటే చదువు, పరీక్షల రూల్సున్న పుస్తకం. సీనియర్ల బ్యాచ్‌ది కాదు, మీదే.
- హాస్టల్ నిబంధనలు, చేరేటప్పుడు సంతకం పెట్టిన అండర్‌టేకింగ్, ర్యాగింగ్ చెయ్యనని ఇచ్చిన అఫిడవిట్ కాపీ.
- హాల్ టికెట్, ఐడీ కార్డు, హాజరు వివరాలు.
- ఒక లాంగ్ నోట్‌బుక్. ఏ రోజు ఎవరు ఏమన్నారో రాసుకోవడానికి.

ప్రతి కాగితం నాలుగు సెట్లు జిరాక్స్ తీయించండి. మద్దిలపాలెం, సిరిపురం వైపు జిరాక్స్ షాపులకు కరువు లేదు కదా.

1. పిల్లవాడి పరిస్థితి చూడండి

ఇది మొదటే ఎందుకు రాశానంటే, చాలామంది నాన్నలు దీన్ని దాటేసి నేరుగా రెండో అంకెకు వెళ్లిపోతారు. నోటీసు వచ్చిన రాత్రి పిల్లల్ని ఒంటరిగా ఉంచకండి. హాస్టల్లో ఉంటే వెళ్లి తెచ్చుకోండి, లేదా నమ్మకమైన స్నేహితుణ్ణి పక్కన ఉండమనండి. "నీ వల్ల పరువు పోయింది" అనే మాట ఆ రాత్రి వద్దు. వాడు మరీ మౌనంగా ఉన్నా, చావు మాట ఎత్తినా 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలిమానస్ హెల్ప్‌లైన్, ఉచితం.

2. మీ యూనివర్సిటీ ఏదో తేల్చుకోండి

నవ్వకండి. కాలేజీ పేరు అందరికీ తెలుసు, పై అప్పీలు ఎక్కడికి వెళ్లాలో చాలామందికి తెలీదు. ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లో చదివితే ఒక దారి, ఏయూ అనుబంధ డిగ్రీ కాలేజీ అయితే మరో మెట్టు ఎక్కువ. ఈ చుట్టుపక్కల అనేక ఇంజినీరింగ్ కాలేజీలు విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ కింద ఉన్నాయి. అది 2022లో వచ్చింది. అంతకుముందు వ్యవహారమంతా కాకినాడ జేఎన్‌టీయూతో నడిచేది, కాబట్టి పాత సీనియర్ చెప్పిన అడ్రసుకు అప్పీలు పంపకండి. ఆంధ్రా మెడికల్ కాలేజీ విశాఖలోనే ఉన్నా దాని యూనివర్సిటీ విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. రుషికొండ గీతం లాంటి డీమ్డ్ యూనివర్సిటీ అయితే రూల్సూ అప్పీలు మెట్లూ అన్నీ దాని సొంతం.

ఎలా చూసుకోవాలి? మార్కుల మెమో పైన ఏ పేరుందో చూడండి. కాలేజీ అటానమస్ అయితే పరీక్షలు కాలేజీయే పెడుతుంది, పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. మాల్‌ప్రాక్టీస్ (పరీక్షలో అక్రమం) కేసు కాలేజీ కమిటీ చూస్తుందా, యూనివర్సిటీ కమిటీయా అన్నది ఎగ్జామ్ బ్రాంచిలో అడిగి రాసుకోండి.

3. నోటీసును మూడుసార్లు చదవండి

మెమో, షోకాజ్ నోటీసు, సస్పెన్షన్ ఆర్డరు, తుది ఆర్డరు: నాలుగూ వేరు. షోకాజ్ అంటే "నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పు" అని అడగడం. శిక్ష ఇంకా పడలేదు. విచారణ పూర్తయ్యేదాకా అని పెట్టే సస్పెన్షన్ కూడా శిక్ష కాదు, తాత్కాలిక ఏర్పాటు. తుది ఆర్డరు వస్తే మాత్రం అప్పీలు గడియారం నడవడం మొదలైనట్టే.

పెన్సిల్‌తో నాలుగు చోట్ల గీత పెట్టండి: ఆరోపణ ఏమిటి, ఏ రూలు కింద, జవాబుకు ఆఖరి తేదీ ఎప్పుడు, సంతకం ఎవరిది. "క్రమశిక్షణా రాహిత్యం" అని మాత్రమే రాసి, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడో లేకపోతే ఆ వివరాలు కావాలని అదే రోజు లెటరు పెట్టండి.

హెచ్చరిక: నోటీసు తీసుకోకుండా తప్పించుకు తిరగొద్దు. తీసుకోండి, సంతకం కింద ఆ రోజు తేదీ మీ చేత్తో వెయ్యండి. పాత తేదీ వేసిన నోటీసు ఐదు రోజులు ఆలస్యంగా చేతికొస్తే, ఆ ఐదు రోజులూ మీవేనని చెప్పడానికి అదే ఆధారం.

4. గదిలో కూర్చోబెట్టి రాయించుకునే కాగితం

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది, అందుకే కాస్త ఆగి చెబుతాను.

నేను పనిచేసిన ఒక కాలేజీలో ఫైనలియర్ కుర్రాడి జేబులో చీటీ దొరికింది. పరీక్ష మొదలై పది నిమిషాలు కాలేదు, జవాబు పత్రంలో ఇంకా అరపేజీ కూడా నిండలేదు. గదిలోకి తీసుకెళ్లి, "రాసిచ్చెయ్, వదిలేస్తాం" అన్నారు. భయంతో "నేను కాపీ కొట్టాను, క్షమించండి" అని రాశాడు. వదల్లేదు. ఆ కాగితమే కేసైంది.

ఆ ఒక్క మాటకు ఎంత తేడా ఉందో చూడండి. జేఎన్‌టీయూ మాల్‌ప్రాక్టీస్ పట్టికలో, చీటీ దగ్గరుండి వాడకపోతే ఆ ఒక్క సబ్జెక్టు పోతుంది. చూసి రాస్తే ఆ సబ్జెక్టుతో పాటు అప్పటికి రాసినవీ పోతాయి, ఆ సెమిస్టర్లో మిగిలినవి రాయనివ్వరు. "నా దగ్గర చీటీ ఉంది" అనడానికీ "చూసి రాశాను" అనడానికీ మధ్య ఒక సెమిస్టరు ఉంది. ఒకరి బదులు ఇంకొకరు రాస్తే సంగతి ఇంకా పెద్దది: అసలు అభ్యర్థికి రెండు సెమిస్టర్లు క్లాసులూ పరీక్షలూ బంద్.

కాబట్టి చేసింది చేసినంతే రాయండి. చెయ్యనిది ఒప్పుకోకండి, చేసింది బుకాయించకండి. వాళ్లు డిక్టేట్ చేస్తుంటే "సార్, నా మాటల్లో నేను రాస్తాను" అని నెమ్మదిగా అనండి. తెల్లకాగితం మీద, ఖాళీలున్న ఫారం మీద సంతకం పెట్టకండి. రాశాక ఫోటో తీసుకోనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే బయటికి రాగానే గుర్తున్నంత వరకు నోట్‌బుక్‌లో రాయండి.

ఇప్పటికే రాసిచ్చేశారా? ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో లెటరు పెట్టండి: ఏ పరిస్థితిలో రాశారు, అందులో ఏ వాక్యం నిజం, ఏది కాదు. రెండు నెలల తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

5. ఆధారాలు అడగండి

ఫిర్యాదు కాపీ, ఇన్విజిలేటర్ రిపోర్టు, దొరికిన చీటీ కాపీ, హాస్టల్ గొడవ అయితే వార్డెన్ రిపోర్టు కావాలని రాతపూర్వకంగా అడగండి. సీసీటీవీ ఉన్న చోటైతే మొదటి రోజే "ఫలానా తేదీ, ఫలానా టైము ఫుటేజీ చెరిపెయ్యకుండా భద్రపరచండి" అని లెటరు ఇవ్వండి. పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కిపోతుంది, ఎవరి కోసమూ ఆగదు.

సిద్ధాంతం ఎక్కువ వద్దు గానీ ఒక్కటి తెలుసుకోండి. 1962లోనే సుప్రీంకోర్టు, ఉత్తరప్రదేశ్ ఇంటర్ బోర్డు కేసులో, పరీక్షలో అక్రమం జరిగిందంటూ ఫలితం రద్దు చేసే ముందు ఆ అభ్యర్థి మాట వినాల్సిందేనని చెప్పింది. మీరు అడిగేది దయ కాదు.

సమాచార హక్కు దరఖాస్తు సంగతి అందరూ అడుగుతారు. ప్రభుత్వ యూనివర్సిటీకి పది రూపాయల ఫీజుతో పెట్టొచ్చు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. మీ షోకాజ్ గడువు వారమే అయితే అది అప్పటికి అందదు, కాబట్టి దాన్ని అప్పీలు కోసం పెట్టుకోండి. మీ జవాబు పత్రం మీరు చూసుకునే హక్కును సుప్రీంకోర్టు 2011లోనే ఒప్పుకుంది.

6. జవాబు రాయండి

సంతకం విద్యార్థిది. పద్దెనిమిది నిండినవాడు కదా, నాన్న సంతకంతో వెళ్తే "విద్యార్థి జవాబు ఏది?" అంటారు. ఒకటిన్నర పేజీ చాలు. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో రాయండి, తప్పుల ఇంగ్లీషు కన్నా నయం. ఇలా ఉంటే సరిపోతుంది:

*గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి. విషయం: ఫలానా తేదీ, ఫలానా నంబరు షోకాజ్ నోటీసుకు సంజాయిషీ.*

*1. నోటీసు నాకు ఫలానా తేదీన అందింది.*

*2. పరీక్ష హాల్లో నా జేబులో చీటీ దొరికిన మాట నిజం. అది నేను బయటికి తీయలేదు, చూసి రాయలేదు. ఆ చీటీని నా జవాబు పత్రంతో పోల్చి చూడమని కోరుతున్నాను.*

*3. ఇన్విజిలేటర్ రిపోర్టు కాపీ కోసం ఫలానా తేదీన అడిగాను, ఇంకా అందలేదు. అందాక అదనంగా చెప్పుకునే అవకాశం ఇవ్వగలరు.*

*4. కమిటీ ముందు స్వయంగా చెప్పుకునే అవకాశం కోరుతున్నాను.*

*5. ఇంతకుముందు నా మీద ఏ ఫిర్యాదూ లేదు.*

రెండో అంశమే ప్రాణం. మాల్‌ప్రాక్టీస్ కమిటీలో కూర్చున్నవాళ్లు మొదట చేసే పని చీటీలో ఉన్నది పేపర్లోకి ఎక్కిందా అని చూడటం. ఆ పని మీరే అడిగితే మీ మాట మీద నమ్మకం కుదురుతుంది. నిజంగా చూసి రాసి ఉంటే మాత్రం ఈ వాక్యం రాయకండి. తప్పు ఒప్పుకుని, మొదటిసారి అని, శిక్ష తగ్గించమని అడగడమే మేలు.

పేదరికం, నాన్న గుండె జబ్బు, అక్క పెళ్లి లాంటివి రెండు లైన్లు దాటనివ్వొద్దు. నేను చూసిన ఒక సంజాయిషీలో మూడు పేజీల కష్టాలున్నాయి, చీటీ గురించి ఒక్క ముక్క లేదు.

7. ఇచ్చినట్టు రుజువు ఉంచుకోండి

సార్ చేతికిచ్చి వచ్చేశామంటారు. అది ఇచ్చినట్టు కాదు. వచ్చిన కాగితాలు నమోదు చేసుకునే ఇన్‌వార్డ్ సెక్షన్లో, కొన్ని చోట్ల తపాల్ అంటారు, ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. ముద్ర వెయ్యనంటే వాదించకండి. అదే రోజు అధికారిక మెయిల్‌కు పంపండి, స్పీడ్ పోస్టులో కూడా వెయ్యండి, రసీదు ఫైల్లో పెట్టండి.

సరిచూసుకోండి: మూడు రోజుల తర్వాత సెక్షన్‌కు వెళ్లి ఇన్‌వార్డ్ నంబరు చెప్పి, లెటరు మీ ఫైల్లో చేరిందా అని అడగండి. గుమాస్తాతో మర్యాదగా మాట్లాడండి. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఫైలు ఎక్కడుందో తెలిసేది ఆయనకే.

8. సస్పెన్షన్‌లో ఉంటే పరీక్షల సంగతి

విచారణ జరుగుతుండగా పరీక్షలొస్తే చేతులు కట్టుకు కూర్చోవద్దు. "తుది నిర్ణయానికి లోబడి పరీక్ష రాయనివ్వండి, ఫలితం ఆపి ఉంచండి" అని లెటరు పెట్టండి. ఫీజు గడువులోపు పరీక్ష ఫీజు కట్టే ప్రయత్నం చెయ్యండి. తీసుకోకపోతే ఆ తిరస్కరణ రాతలో అడగండి. సస్పెన్షన్ రోజుల హాజరు ఎలా లెక్కిస్తారో కూడా అదే లెటర్లో అడగండి. అన్నట్టు, హాజరు తక్కువై డిటైన్ కావడం క్రమశిక్షణ కేసు కాదు. జేఎన్‌టీయూలో 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపి కాండొనేషన్, అంటే ఆ తక్కువను మన్నించమని అడగొచ్చు. దానికి ఈ నోటీసుల పురాణం అక్కర్లేదు.

9. కమిటీ ముందు

లాయర్ని సాధారణంగా లోపలికి రానివ్వరు. తల్లిదండ్రుల్ని రానిస్తారా అని ముందే అడగండి. రానిస్తే మీ పని పక్కన కూర్చోవడం. కమిటీ ముందే కొడుకు చెంప పగలగొట్టిన తండ్రిని నేను చూశాను. దాంతో శిక్ష తగ్గుతుందనుకున్నాడేమో, తగ్గలేదు.

అడిగినదానికే జవాబివ్వాలి. తెలియకపోతే "గుర్తులేదు సార్" అనొచ్చు. స్నేహితుల పేర్లు ఊహించి చెప్పకూడదు. ఆఖర్లో స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టమంటారు. మొత్తం చదివి, చెప్పనిది రాసి ఉంటే అక్కడే కొట్టించి పక్కన పొట్టి సంతకం పెట్టండి.

కేసు ర్యాగింగ్‌దైతే

దీన్ని "పిల్లల సరదా" అనకండి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2009 రెగ్యులేషన్ల ప్రకారం హాస్టల్ నుంచి పంపెయ్యడం, స్కాలర్‌షిప్ ఆపడం, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల రస్టికేషన్ (అన్నాళ్లు కాలేజీ నుంచి బయటికి పంపడం), అడ్మిషన్ రద్దు దాకా వెళ్లొచ్చు. ఎవరు చేశారో తేలకపోతే అందరికీ కలిపి శిక్ష వేసే వీలూ ఉంది. పైగా మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టముంది. అవమానించినా, ఏడిపించినా ఆరు నెలల దాకా జైలు, ప్రాణం పోతే యావజ్జీవం దాకా. పోలీసు కేసు ఉంటే కాలేజీకి రాసే ప్రతి లైనూ అక్కడికి చేరుతుందని అనుకోండి, వకీలుకు చూపించకుండా ఇవ్వకండి.

బాధితులు మీ పిల్లలే అయితే 1800-180-5522కు ఫోన్ చెయ్యండి. అది యూజీసీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్.

లైంగిక వేధింపుల ఫిర్యాదైతే

ఇది మామూలు క్రమశిక్షణ కమిటీకి కాదు, అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్తుంది. యూజీసీ 2015 రెగ్యులేషన్ల ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఆరోపణ మీ అబ్బాయి మీదైతే ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆ అమ్మాయి ఇంటికి "మాట్లాడి సెటిల్ చేసుకుందాం" అని వెళ్లొద్దు, బంధువుల్ని పంపొద్దు, మెసేజ్ పెట్టొద్దు. వెళ్లారంటే రెండో ఫిర్యాదు మీరే రాసిచ్చినట్టు.

10. ఆర్డరు వచ్చాక అప్పీలు

ఆర్డర్లో మూడు చూడండి. మీ జవాబు ప్రస్తావన ఉందా? కారణం రాశారా? వేసిన శిక్ష మీ రెగ్యులేషన్ పట్టికలో ఉన్నదేనా? వీటిలో ఏది లేకపోయినా అప్పీలుకు అదే మొదటి పాయింటు.

అప్పీలు గడువు మీ రెగ్యులేషన్లో చూడండి. లేకపోతే వారంలోనే పెట్టెయ్యండి. ర్యాగింగ్ ఆర్డరైతే దారి స్పష్టం: అనుబంధ కాలేజీ వేసిన శిక్షపై వైస్ ఛాన్సలర్‌కు, యూనివర్సిటీ వేసినదానిపై ఛాన్సలర్‌కు. ఆంధ్రా యూనివర్సిటీకి ఛాన్సలర్ గవర్నర్. అంటే అప్పీలు విజయవాడకు వెళ్తుంది.

శిక్ష పేరు చెప్పి సర్టిఫికెట్లు ఆపినా, ఫలితం ఇవ్వకుండా నాన్చినా, అది వేరే దారి. 2023 యూజీసీ రెగ్యులేషన్ల కింద విద్యార్థి ఫిర్యాదుల కమిటీ ఉంటుంది, 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే మరో 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, వెళ్లొచ్చు.

ఆఖరు మెట్టు హైకోర్టు, అమరావతిలో. అక్కడ "మావాడు మంచివాడు" అన్నది పెద్దగా నడవదు, పద్ధతి పాటించారా లేదా అనే చూస్తారు. మీరు ఇంతవరకు దాచిన ముద్ర వేసిన కాపీలు అక్కడ పనికొస్తాయి. లాయరు ఖర్చు భయపెడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, ఫోను 15100. అమ్మాయిలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఉంటుంది.

మళ్లీ మళ్లీ చూసే తప్పులు

- ఇన్‌స్టాగ్రామ్‌లో కాలేజీని తిట్టి పోస్టు పెట్టడం. దాని ప్రింటవుట్ కమిటీ ఫైల్లో మీ జవాబు కంటే ముందుంటుంది.
- ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఒకే జవాబును పేర్లు మార్చి ఇవ్వడం.
- "నా పలుకుబడితో మాఫీ చేయిస్తా" అనే బ్రోకరుకు డబ్బివ్వడం. శిక్ష తక్కువ పడితే తన ఘనత అంటాడు, ఎక్కువ పడితే ఫోనెత్తడు.
- జ్వరం సాకుతో దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టడం. చీటీ కేసు కాస్తా ఫోర్జరీ కేసవుతుంది.
- నోటీసు సంగతి ఇంట్లో దాచడం. పిల్లలూ, ఇది మీకే. అమ్మానాన్నలకు తుది ఆర్డరుతో తెలిస్తే, గడువులన్నీ అప్పటికే అయిపోయి ఉంటాయి.

కేసు ముగిసిందని ఎలా తెలుస్తుంది?

"అయిపోయింది, వెళ్లు బాబూ" అన్న మాట చాలదు. కేసు మూసినట్టో, ఇంత శిక్షతో ముగించినట్టో రాతలో తీసుకోండి. ఆపిన ఫలితం విడుదలైందా, తర్వాతి సెమిస్టరు హాల్ టికెట్ వస్తోందా చూడండి. చదువు పూర్తయ్యాక టీసీ చేతికిచ్చినప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి ప్రవర్తన కాలమ్ చదవండి. అక్కడ ఏదైనా తేడాగా ఉంటే, మూసిన ఆర్డరు కాపీ అదే కౌంటర్లో చూపించి, సరిచేసి ఇచ్చాకే కదలండి.